ఆ గోల బ్యాండ్‌దా, నీడిల్‌దా? పంక్, నాయిస్ రాక్ రికార్డులు ఇంట్లో వినేవాళ్లకి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్, కొత్త టర్న్‌టేబుల్, స్టూజెస్ ‘ఫన్ హౌస్’, రామోన్స్ మొదటి ఆల్బమ్, సోనిక్ యూత్ ‘డేడ్రీమ్ నేషన్’ తెప్పించుకున్నారు. ఫోన్‌లో విన్నప్పుడు పిచ్చిగా నచ్చినవే రికార్డు మీద పెడితే సైడ్ చివరికి వచ్చేసరికి గరగరలాడుతున్నాయి, అరగంట వింటే తలనొప్పి. ఇలాంటి సంగీతాన్ని వినైల్‌లో నిజంగా ఎంజాయ్ చేసేవాళ్లు ఉన్నారా, ఉంటే ఎలా వింటారు, తర్వాత ఏం కొనాలి అని అడిగారు.

ఉన్నారండీ. నేను షికాగోలో ఉంటాను, నా దగ్గరున్న రికార్డుల్లో ఎక్కువసార్లు తిరిగేవి ఇవే. అయితే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. గోల రెండు రకాలు. బ్యాండ్ కావాలని చేసిన గోల ఒకటి, మీ కార్ట్రిడ్జ్ (నీడిల్ బిగించి ఉండే చిన్న ముక్క), స్పీకర్లు, వాటి కింద ఉన్న బల్ల కలిసి చేసే గోల ఇంకొకటి. వీణ కచేరీయో పాత సినిమా పాటలో పెడితే ఈ రెండో రకం ఇట్టే దొరికిపోతుంది, వీణలో గరగర ఉండకూడదని అందరికీ తెలుసు కాబట్టి. పంక్‌లో దొరకదు. రికార్డే ఇంత కాబోలు అని సర్దుకుపోతాం, తలనొప్పి అక్కడే మొదలవుతుంది. ఆ రెండో గోలని తీసేశాక మొదటిది ఎంత వివరంగా ఉంటుందో, ఎంత ఆలోచించి చేశారో తెలుస్తుంది, అసలు ఆనందం అందులోనే ఉంది. కింద రాసినదంతా దాని గురించే.

ముందు సైడ్ చివరి గరగర చూద్దాం. రికార్డు మొదటి పాట దగ్గరా, చివరి పాట దగ్గరా నిమిషానికి 33⅓ చుట్లే తిరుగుతుంది. కానీ బయటి అంచు దగ్గర ఒక్క చుట్టుకి నీడిల్ కింద నుంచి 90 సెంటీమీటర్ల గాడి వెళ్తే, మధ్యలో కాగితం లేబుల్ దగ్గరికి వచ్చేసరికి అది 40 కంటే తక్కువ. అంటే సెకనుకి దాదాపు 50 సెంటీమీటర్ల నుంచి 21కి పడిపోతుంది. అంతే శబ్దాన్ని సగం కంటే తక్కువ జాగాలో ఇరికించాలి. హై ఫ్రీక్వెన్సీల వంపులు మరీ దగ్గరదగ్గరగా వచ్చేస్తాయి, గుండ్రటి మొన ఉన్న నీడిల్ వాటిలోకి దిగలేక పైపైన జారిపోతుంది. సింబల్స్, పాడేవాడి సకారాలు, ఫజ్ గిటార్‌లోని పైస్థాయి, అన్నీ చిట్లినట్టు వినిపిస్తాయి.

ఈ ఇబ్బంది తెలిసి చాలా పాప్ ఆల్బమ్‌లలో సైడ్ చివర నెమ్మది పాట పెట్టేవాళ్లు. మన పంక్‌వాళ్లు సరిగ్గా ఉల్టా. ‘ఫన్ హౌస్’ రెండో సైడ్ చివరన ఉన్నది దాదాపు 5 నిమిషాల ‘ఎల్.ఎ. బ్లూస్’, అందులో తాళమూ లేదు, పల్లవీ లేదు. వెల్వెట్ అండర్‌గ్రౌండ్ ‘వైట్ లైట్/వైట్ హీట్’ (1968) చివర 17 నిమిషాల ‘సిస్టర్ రే’. ‘డేడ్రీమ్ నేషన్’ నాలుగో సైడ్‌లో ‘ట్రిలజీ’. హస్కర్ డూ ‘జెన్ ఆర్కేడ్’ చివర 14 నిమిషాల పాట లేని వాయింపు. అంటే ఈ సంగీతంలో అన్నిటికంటే ఉధృతంగా ఉండే భాగం రికార్డులో అన్నిటికంటే ఇరుకైన చోట పడుతుంది. సెటప్‌లో ఎంత లోపం ఉందో అంతా అక్కడ బయటపడుతుంది. నా లెక్కలో కార్ట్రిడ్జ్ బాగా అమర్చడం కర్ణాటక సంగీతం వినేవాళ్లకంటే మనకే ఎక్కువ అవసరం.

ఏం చేయాలంటే, ముందు కార్ట్రిడ్జ్ సరైన చోట కూర్చుందో లేదో ప్రొట్రాక్టర్‌తో, అంటే కార్ట్రిడ్జ్ కోణం సరిచూసే గీతల కాగితంతో, చూడండి. నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ప్రింట్ మాత్రం కచ్చితంగా 100 శాతం సైజులో తీయాలి, తీశాక స్కేల్ పెట్టి కొలుచుకోండి. చాలామంది వాడే బేర్‌వాల్డ్ లెక్కలో కార్ట్రిడ్జ్ గాడికి తిన్నగా ఉండే చోట్లు మధ్య నుంచి 66, 120.9 మిల్లీమీటర్ల దగ్గర వస్తాయి. స్టీవెన్సన్ లెక్కలో 60.3, 117.4. ఈ రెండోది లోపలి గాడి వైపు మొగ్గు చూపుతుంది కాబట్టి మన రకం రికార్డులకి నాకు ఇదే ఇష్టం. మధ్యలో కాస్త రాజీ పడినా చివర ఐదు నిమిషాలు నిలబడుతుంది.

తర్వాత ట్రాకింగ్ ఫోర్స్, అంటే నీడిల్ గాడి మీద మోపే బరువు. టోన్‌ఆర్మ్ (నీడిల్‌ని మోసే చెయ్యి) మీద ఉన్న అంకెల్ని నమ్మకండి, చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కోండి. ఆర్టోఫాన్ 2ఎం రెడ్ అయితే 1.8 గ్రాములు, ఆడియో టెక్నికా వీఎం95ఈ అయితే 2 గ్రాములు కంపెనీ చెప్పే లెక్క. రికార్డు అరిగిపోతుందని భయపడి చాలామంది దీన్ని తగ్గిస్తారు, అది ఇంకా చెడ్డది. బరువు చాలకపోతే నీడిల్ గాడిలో నిలవక గోడలకి కొట్టుకుంటుంది, అక్కడ పాడైన గాడి మళ్లీ బాగుపడదు. సూట్‌కేస్ ప్లేయర్ల సంగతి వేరు, వాటిలో చాలావాటికి ఈ బరువు 4, 5 గ్రాముల దాకా ఉంటుంది, మార్చుకునే వీలు కూడా ఉండదు. మీది అలాంటిదైతే రికార్డులు కొనడం ఆపి ముందు ప్లేయర్ మార్చండి. డబ్బులు పెట్టాల్సి వస్తే నీడిల్ మొన మీద పెట్టండి. వీఎం95 సిరీస్‌లో కార్ట్రిడ్జ్ అదే ఉంచి నీడిల్ ఒక్కటే మైక్రోలైన్‌కి మార్చుకోవచ్చు. ఆ సన్నటి మొన లోపలి గాడిలో చేసే తేడా వేలు పోసి ఆంప్లిఫయర్ మార్చినా రాదు.

సరిచేసుకున్నాక పరీక్షించడానికి ప్రత్యేకంగా టెస్ట్ రికార్డు అక్కర్లేదు, మీ రామోన్స్ రికార్డే చాలు. 1976 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో, రేడియో సిటీ మ్యూజిక్ హాల్ భవనంలో ఉన్న ప్లాజా సౌండ్ స్టూడియోలో, 6,400 డాలర్ల ఖర్చుతో ముగించిన ఆల్బమ్ అది. 14 పాటలు, మొత్తం 29 నిమిషాలు. బేస్ ఎడమ స్పీకర్‌లో, గిటార్ కుడి స్పీకర్‌లో, గొంతూ డ్రమ్సూ మధ్యలో. బ్యాలెన్స్ నాబ్ పూర్తిగా ఎడమకి తిప్పండి. జానీ రామోన్ గిటార్ దాదాపు మాయమైపోయి డీడీ బేస్ మిగలాలి. గిటార్ ఇంకా గట్టిగానే వినిపిస్తుంటే కార్ట్రిడ్జ్ పక్కకి ఒరిగి ఉంది, లేదా ఆంప్ మీద మోనో బటన్ నొక్కి ఉంది. బేస్ కుడివైపు వస్తుంటే వెనక వైర్లు తారుమారయ్యాయి.

ఇప్పుడు నాబ్ కుడికి తిప్పి గిటార్ ఒక్కదాన్నే వినండి, పరీక్ష కోసం కాదు, ఆనందం కోసం. జానీ చెయ్యి ఎప్పుడూ పైనుంచి కిందకే కొడుతుంది, పైకి లేచేటప్పుడు తీగల్ని తాకదు. ఆ వేగంలో పాట మొత్తం అలా వాయించడం మణికట్టుకి ఎంత పనో గిటార్ పట్టినవాళ్లకి తెలుసు. రెండు స్పీకర్లూ కలిపి వింటే ఒకే గోడలా అనిపించేది, ఇలా విడదీస్తే ఒక మనిషి చేత్తో చేసిన పని అని తెలుస్తుంది. అది తెలిశాక మళ్లీ నాబ్ మధ్యకి తెచ్చి వినండి, ఆ రికార్డు మీకు ఇంకెప్పుడూ పాతలా వినిపించదు. ‘వైట్ లైట్/వైట్ హీట్’ స్టీరియో కాపీలో కూడా ఇలాంటి చోటు ఒకటి ఉంది. ‘ద గిఫ్ట్’లో బ్యాండ్‌లోని జాన్ కేల్ చదివే కథ ఒక చానెల్‌లో, బ్యాండ్ ఇంకో చానెల్‌లో. ఒకసారి కథ వినొచ్చు, ఇంకోసారి బ్యాండ్ వినొచ్చు. దానికోసమైనా స్టీరియో కాపీ కొనమంటాను.

సెటప్ అంతా సరిగ్గా ఉన్నా ‘ఇదేంటి ఇలా ఉంది’ అనిపించే రికార్డులు కొన్ని ఉంటాయి. వాటి గురించి ముందే తెలిస్తే నీడిల్‌ని తిట్టుకోనక్కర్లేదు. స్టూజెస్ ‘రా పవర్’ (1973) పలచగా ఉంటుంది, బేసూ డ్రమ్సూ ఎక్కడో వెనక గదిలో ఉంటాయి, గిటార్ మొహం మీదకి వస్తుంది. అది డేవిడ్ బోయీ మిక్స్, అలాగే ఉంటుంది. 1997లో స్టూజెస్ గాయకుడు ఇగ్గీ పాప్ మళ్లీ మిక్స్ చేశాడు, అది దీనికి పూర్తి వ్యతిరేకం, అన్నీ హద్దు దాటి మోగుతాయి. నాకు పాతదే నచ్చుతుంది, గిటార్‌కి ఊపిరాడే చోటు అందులో ఉంది. ఇంగ్లండ్‌లో క్రాస్ అనే బ్యాండ్ మొదటి రికార్డు ‘ద ఫీడింగ్ ఆఫ్ ద 5000’ పాత కాపీ దొరికితే నీడిల్ పెట్టగానే ఏమీ వినిపించదు. మొదటి పాట మాటలకి అభ్యంతరం చెప్పి ఐర్లండ్‌లో ప్రెస్సింగ్ ప్లాంట్ కార్మికులు రికార్డు అచ్చువేయడానికి ఒప్పుకోలేదు, దాంతో ఆ పాట తీసేసి ఆ జాగాలో నిశ్శబ్దం పెట్టి దానికి ‘ద సౌండ్ ఆఫ్ ఫ్రీ స్పీచ్’ అని పేరు పెట్టారు. తర్వాత వాళ్ల సొంత లేబుల్ (రికార్డు కంపెనీ) మీద వేసిన కాపీల్లో పాట తిరిగి వచ్చింది. లూ రీడ్ ‘మెటల్ మెషీన్ మ్యూజిక్’ (1975) నాలుగు సైడ్లూ ఫీడ్‌బ్యాకే (ఆంప్ ముందు గిటార్ పెడితే వచ్చే కూత), నాలుగో సైడ్ చివర గాడి తనలోకి తానే తిరిగేలా కోశారు, మీరు లేచి టోన్‌ఆర్మ్ ఎత్తేదాకా అది ఆగదు. సోనిక్ యూత్ ‘ఈవోల్’ (1986) రికార్డు కూడా అంతే, చివరి పాట నిడివి దగ్గర అట్ట మీద అనంతం గుర్తు వేశారు. స్ట్రీమింగ్‌లో ఇవి ఏదో ఒక నిమిషం దగ్గర ఆగిపోతాయి, రికార్డు మీద మాత్రమే ఆగవు. ఇలాంటివి కొనడానికి అంతకంటే మంచి కారణం నాకు తెలీదు.

ఇంకొకటి చెప్పాలి. ఆరెగాన్‌లో ఫ్రెడ్, టూడీ కోల్ అనే భార్యాభర్తలు నడిపిన డెడ్ మూన్ బ్యాండ్ రికార్డులు మోనోలో ఉంటాయి. ఫ్రెడ్ తన పాటల్ని 1950ల నాటి పాత లేత్ (రికార్డులో గాడి కోసే యంత్రం) మీద ఇంట్లో తనే కోసేవాడు. కింగ్స్‌మెన్ ‘లూయీ లూయీ’ కోసింది కూడా ఆ లేత్ మీదే అంటారు. ముతకగా, దగ్గరగా, ఒకే ముద్దగా వినిపిస్తుంది. ఆ శబ్దం కావాలనే కొంటాం.

ఇక తలనొప్పి. లోపలి గాడి గరగర కొంత కారణం, మిగతాది వాల్యూమ్ అని నా అనుమానం. గట్టిగా పెట్టడం వల్ల కాదు, తక్కువ పెట్టడం వల్ల. మన చెవికి తక్కువ వాల్యూమ్‌లో మంద్ర శబ్దాలు సరిగ్గా ఆనవు, ఫ్లెచర్, మన్‌సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అపార్ట్‌మెంట్‌లో పక్కవాళ్ల గురించి ఆలోచించి వాల్యూమ్ తగ్గించేస్తే బేసూ కిక్ డ్రమ్మూ ముందు పోతాయి, చెవిలో మిగిలేది గిటార్ కీచుదనం ఒక్కటే. బోనాలప్పుడు డప్పు పక్కన నిలబడితే దరువు గుండెలో తగులుతుంది, హాయిగా ఉంటుంది. అదే డప్పుని నాలుగు వీధుల అవతల నుంచి వింటే టకటకమని చిరాకు. ఇక్కడ జరిగేదీ అదే. కాబట్టి వాల్యూమ్ తగ్గించాల్సి వస్తే ఆంప్‌లో లౌడ్‌నెస్ బటన్ ఉంటే నొక్కండి, లేదా బేస్ కొంచెం పెంచి ట్రెబుల్ కొంచెం తగ్గించండి. ‘ఒరిజినల్ సౌండ్ చెడిపోతుంది’ అనే మాటలు పట్టించుకోకండి. స్పీకర్లకి దగ్గరగా కూర్చోండి, ఒక గజం దూరంలో కూర్చుంటే తక్కువ వాల్యూమ్ కూడా నిండుగా ఉంటుంది. రాత్రిపూట మంచి హెడ్‌ఫోన్స్ వాడండి.

గట్టిగా పెట్టే వీలున్న రోజున కూడా హద్దు తెలుసుకుని పెట్టండి. అమెరికాలో పని చోట్ల ఆరోగ్యం చూసే సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కి సమయం సగమవుతుంది, అంటే 94 దగ్గర ఒక్క గంట. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ వేసుకుని మీరు కూర్చునే చోట కొలవండి. ఒక సైడ్ 90 దగ్గర వింటే శరీరానికి కావలసినంత దెబ్బ తగులుతుంది, దానికి మించి అవసరం లేదు. చెవుల్లో గింగురుమనే శబ్దం మర్నాటికీ తగ్గలేదంటే అది హెచ్చరిక, మళ్లీ అంత వాల్యూమ్ వద్దు. ఈ సంగీతం ఇష్టపడేవాళ్లకి చెవులే ఆస్తి.

వాల్యూమ్ పెంచినప్పుడు లోపల్నుంచి ‘ఊఁ’ అని మూలుగు మొదలైతే టర్న్‌టేబుల్, స్పీకర్లు ఒకే బల్ల మీద ఉన్నాయన్నమాట. స్పీకర్ అదురు బల్లలోంచి నీడిల్‌కి ఎక్కి మళ్లీ స్పీకర్‌కి వెళ్తుంది. టర్న్‌టేబుల్‌కి గోడకి బిగించిన షెల్ఫ్ వేయించండి. మన ఇళ్లలో ఇటుక గోడలు, కాంక్రీటు స్లాబులు కాబట్టి ఇక్కడి చెక్క ఇళ్లకంటే ఆ విషయంలో మీకే సుఖం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ‘ఫన్ హౌస్’ ఎలా వినాలి అంటే, రికార్డు ఎలా తీశారో తెలుసుకుని వినాలి. మిషిగన్‌లో ఆన్ ఆర్బర్ నుంచి వచ్చిన కుర్రాళ్లు, 1970 మే నెల, లాస్ ఏంజెలెస్‌లో ఎలెక్ట్రా స్టూడియో. ప్రొడ్యూసర్ డాన్ గలూచీ, పైన చెప్పిన ‘లూయీ లూయీ’లో కీబోర్డు వాయించింది ఇతనే. స్టేజీ మీద ఈ బ్యాండ్‌ని చూసి, వీళ్లని విడివిడిగా రికార్డు చేస్తే ఆ జోరు చచ్చిపోతుందని గ్రహించాడు. స్టూడియోలో శబ్దం ఒకదాంట్లోకి ఒకటి పోకుండా పెట్టే అడ్డుపలకలు, తివాచీలు తీసేయించి, అందర్నీ ఒకే గదిలో నిలబెట్టి, ఇగ్గీ చేతికి మైక్ ఇచ్చి స్టేజీ మీద వాడే పీఏ స్పీకర్లలోంచి పాడించాడు. అందుకే గొంతుకి ఆ బొంగురు, అందుకే డ్రమ్స్ చుట్టూ గది మోత. ఒక్కో పాటని పదేపదే వాయించి మంచిది ఎంచుకున్నారు. ఆ టేకులన్నీ 1999లో ఏడు సీడీల పెట్టెగా వచ్చాయి, వింటే వాళ్లు ఎంత శ్రద్ధగా పనిచేశారో తెలుస్తుంది. తాగి అడ్డదిడ్డంగా కొట్టిన రికార్డు అనుకుంటారు చాలామంది, అది అస్సలు నిజం కాదు.

మొదటి సైడ్‌లో నలుగురే. రాన్ ఆష్టన్ గిటార్, అతని తమ్ముడు స్కాట్ డ్రమ్స్, డేవ్ అలెగ్జాండర్ బేస్, ఇగ్గీ. సైడ్ చివర ‘డర్ట్’ ఏడు నిమిషాలు నెమ్మదిగా నడుస్తుంది, పాట మొత్తాన్ని బేస్ ఒక్కటే మోస్తుంది, ఆ బేస్ తీగ అదురు మీ స్పీకర్లలో స్పష్టంగా వినిపిస్తే మీ సెటప్ బాగుందని అర్థం. నీడిల్ ఎత్తండి. తిప్పండి. రెండో సైడ్‌లో మొదటి పాట ‘1970’ సగానికి పైగా అదే బ్యాండ్, తర్వాత స్టీవ్ మెకే శాక్సఫోన్ ఊడిపడుతుంది. అంతవరకూ రికార్డులో లేని వాయిద్యం అది. అక్కడి నుంచి ఇక తగ్గేదేమీ ఉండదు, పాట వదులై, తాళం వదులై, చివరికి ‘ఎల్.ఎ. బ్లూస్’లో అంతా కూలిపోతుంది. సీడీలోనో ఫోన్‌లోనో ఏడు పాటలు వరుసగా పోతే ఈ కూర్పు కనపడదు. మధ్యలో లేచి రికార్డు తిప్పాలి, ఆ చిన్న విరామం కావాలి, అప్పుడే రెండో సైడ్ ఇంకో లోకం అని తెలుస్తుంది.

అందుకే నేను ఆల్బమ్ వినను, సైడ్ వింటాను. మీకూ అదే చెప్తాను. ఒక సైడ్ విని ఆపేయండి, కావాలంటే అదే సైడ్ మళ్లీ పెట్టండి. పంక్‌కి 15, 20 నిమిషాల సైడ్ సరిగ్గా అతికింది, పైగా సైడ్ నిడివి తక్కువైతే గాడులు దూరందూరంగా, లోతుగా, గట్టిగా కోయొచ్చు. రామోన్స్ రికార్డు అంత ధాటిగా మోగడానికి సైడ్‌కి పావుగంట కూడా లేకపోవడం ఒక కారణం. బ్లాక్ ఫ్లాగ్ ‘మై వార్’ (1984) సంగతి చూడండి, మొదటి సైడ్ వేగంగా హార్డ్‌కోర్ (ఇంకా వేగమైన పంక్) పద్ధతిలో ఉంటుంది, రెండో సైడ్‌లో మూడే పాటలు, ఒక్కోటీ 6 నిమిషాల పైనే, కాళ్లీడ్చుకుంటూ నడుస్తాయి. అప్పట్లో వేగమే పంక్ అనుకున్న అభిమానులు ఆ సైడ్‌ని ఈసడించుకున్నారు, తర్వాత ఆ సైడ్ నుంచే మెల్విన్స్ లాంటి బ్యాండ్‌లు దారి పట్టాయి. మినట్‌మెన్ ‘డబుల్ నికెల్స్ ఆన్ ద డైమ్’ (1984) డబుల్ ఆల్బమ్‌లో బ్యాండ్‌లోని ముగ్గురూ తలా ఒక సైడ్‌కి పాటలు ఎంచుకున్నారు, మిగిలినవి నాలుగో సైడ్‌లో వేసి దానికి ‘చాఫ్’, అంటే పొట్టు, అని పేరు పెట్టారు. ఆ పొట్టు సైడ్ కూడా నాకు ఇష్టమే. ‘జెన్ ఆర్కేడ్’ కూడా అదే ఏడాది, అదే ఎస్ఎస్‌టీ లేబుల్, దాదాపు అన్నీ మొదటి టేకులే. అదీ పలచగానే వినిపిస్తుంది, కంగారు పడకండి.

ఏం కొనాలి అన్నారు కదా. ఫస్ట్ ప్రెస్సింగ్‌ల (మొదటిసారి అచ్చువేసిన కాపీల) వెంట పడొద్దు. ధర చూసి భయపడి పెట్టెలో దాచుకునే రికార్డు మీకెందుకు? ‘ఫన్ హౌస్’ 50 ఏళ్ల సందర్భంగా 15 ఎల్‌పీల పెట్టె ఒకటి వచ్చింది, 1,970 కాపీలే, 400 డాలర్లు. ఆ డబ్బుతో ఒక షెల్ఫ్ నింపుకోవచ్చు. వాషింగ్టన్ డీసీలో 1980లో మొదలైన డిస్కార్డ్ లేబుల్ తన పాత రికార్డుల్ని ఇప్పటికీ మామూలు ధరకి అమ్ముతూనే ఉంది, ఫుగాజీ ‘రిపీటర్’ (1990) అక్కడి నుంచే మొదలుపెట్టండి, ఇద్దరు గిటారిస్టులు ఒకళ్లకొకళ్లు చోటిచ్చుకుంటూ వాయించడం రెండు స్పీకర్లలో ఎంత బాగుంటుందో. తర్వాత వైర్ ‘పింక్ ఫ్లాగ్’ (1977), 35 నిమిషాల్లో 21 పాటలు, ఒక్క అక్షరం వృథా లేదు. పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్ ‘మెటల్ బాక్స్’ (1979) సినిమా రీలు డబ్బా లాంటి లోహపు డబ్బాలో మూడు 12 అంగుళాల రికార్డులుగా, 45 వేగంతో వచ్చింది, జా వాబుల్ బేస్ కోసమైనా 45 వేగం కాపీయే చూడండి. డబ్బాలోంచి తీసేటప్పుడు మాత్రం రికార్డులు గీసుకుంటాయి, కొన్నాక విడి స్లీవ్‌లలోకి మార్చేయండి. బ్యాడ్ బ్రెయిన్స్ మొదటి ఆల్బమ్ 1982లో క్యాసెట్‌గానే వచ్చింది, కాబట్టి ఆ ఏడాది ‘ఒరిజినల్ ఎల్‌పీ’ అని ఎవరైనా అమ్మితే కొనకండి.

షికాగో గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఇక్కడి రికార్డింగ్ ఇంజనీర్ స్టీవ్ ఆల్బినీ 2024 మేలో పోయాడు. తనని ప్రొడ్యూసర్ అనొద్దనేవాడు, రాయల్టీ తీసుకునేవాడు కాదు, చేసిన పనికి కూలి తీసుకునేవాడు. అతను రికార్డు చేసిన జీసస్ లిజర్డ్ ‘గోట్’ (1991) పెట్టి చూడండి, డ్రమ్స్ మీ గదిలో, మీకు ఎదురుగా, ఫలానా చోట ఉన్నాయని వేలు పెట్టి చూపించొచ్చు. గొంతు మాత్రం కాస్త వెనక్కి, బ్యాండ్‌లో ఇంకో వాయిద్యంలా. నిర్వాణ ‘ఇన్ యూటెరో’ (1993) విన్నవాళ్లకి ఆ డ్రమ్స్ గుర్తొస్తాయి, అదీ అతనే. అతని సొంత బ్యాండ్ బిగ్ బ్లాక్ ‘అటామైజర్’ (1986)లో డ్రమ్మర్ లేడు, రోలండ్ డ్రమ్ మెషీన్ ఉంది, బ్యాండ్ సభ్యుడిలా దాని పేరు కూడా ‘రోలండ్’ అనే వేశారు. ఇది మూడు నెలల తర్వాత కొనండి. నీడిల్ సరిగ్గా లేకపోతే ఈ రికార్డు వినడం నిజంగా శిక్ష, ఉంటే ఆ గిటార్ల అంచులు లెక్కపెట్టొచ్చు.

రికార్డుల సంరక్షణ క్లుప్తంగా. హైదరాబాద్ దుమ్ముకి ప్రతిసారీ పెట్టేముందు కార్బన్ ఫైబర్ బ్రష్ తప్పదు. సెకండ్‌హ్యాండ్ పంక్ రికార్డులు పార్టీల్లో తిరిగినవి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఆరబెట్టకుండా నీడిల్ పెట్టొద్దు. వానాకాలంలో కాగితం స్లీవ్‌లకి బూజు పడుతుంది, ప్లాస్టిక్ లైనింగ్ ఉన్నవాటిలోకి మార్చండి. నిలువుగానే పెట్టండి, పడమటి గోడకి దూరంగా. మే నెలలో విదేశాల నుంచి తెప్పించొద్దు, ఎండలో నిలబడ్డ కొరియర్ వ్యాన్‌లో రికార్డు వంకర తిరుగుతుంది. లేబుల్ పక్కన ఖాళీగా ఉండే గాడిలో గీసిన రాతలు చదవడం అలవాటు చేసుకోండి, ‘ఎ పోర్కీ ప్రైమ్ కట్’ అని కనిపిస్తే అది జార్జ్ పెకమ్ కోసిన రికార్డు, అతని కోత గట్టిగా, ధాటిగా ఉంటుంది, ఆనందంగా కొనేయండి.

మీరు రాసిన లక్షణాలు చూస్తే ముందు ప్రొట్రాక్టర్, త్రాసు, ఆ రెండే కొనండి, రికార్డు ఇంకొకటి వద్దు. సరిచేశాక ‘ఫన్ హౌస్’ రెండో సైడ్ మొదట్నుంచి చివరి దాకా పెట్టి, ‘ఎల్.ఎ. బ్లూస్’లో శాక్సఫోన్ ఎక్కడుందో, గిటార్ ఎక్కడుందో విడివిడిగా తెలుస్తోందా లేదా చూడండి. తెలియకపోతే టర్న్‌టేబుల్ మోడల్, కార్ట్రిడ్జ్ పేరు, నీడిల్‌ని పక్క నుంచీ ఎదురు నుంచీ తీసిన రెండు ఫోటోలు ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.